మడమ దగ్గర దిష్టిచుక్క

సౌకార్‌పేట, చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సౌభాగ్యవతి హేమమాలినికి, నీ బావ కిట్టు మూడో అంతస్తు వరండాలో స్టూలు మీద కూర్చుని సవినయంగా రాసుకునే విన్నపం. ఇక్కడ నేనూ, నాన్నా, అవ్వా, నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన కరివేపాకు కుండీలూ క్షేమం. అక్కడ అత్తా మామా, నువ్వూ, నీ కడుపులో ఎవరి అనుమతీ లేకుండా కాళ్ళు చాపుకుని కాపురముంటున్న ఆ పేరులేని పెద్దమనిషీ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. పోస్టుమాన్ దాన్ని కింద గాజుల అంగడిలో నాన్న చేతికిస్తే, నాన్న బేరానికి వచ్చిన వాళ్ళందరి ముందూ "మా కోడలు ఉత్తరం రాసింది" అని ప్రకటించి గానీ పైకి పంపలేదు. ఈ కాలంలో ఉత్తరాలేమిటని ఒకాయన అడిగాడట. సత్యవేడు దాటి మీ ఊళ్ళోకి పోతే మిద్దె ఎక్కితే తప్ప సిగ్నల్ రాదనీ, తొమ్మిదో నెల పిల్లను మెట్లెక్కనివ్వరనీ, మామే పైకెక్కి ఫోను పట్టుకుని నా మాటలు కిందికీ నీ మాటలు పైకీ కేకలేస్తూ చేరవేస్తే మన సంసారం వీధంతా వింటుందనీ నాన్న ఆయనకు ఓపిగ్గా వివరించాడు. ఆయన కరిగిపోయి ఇంకో పెట్టె గాజులు కొన్నాడు. కాబట్టి నువ్వు రాస్తూ ఉండు. వ్యాపారానికి మంచిది.

ముందుగా నీ ప్రశ్నలకు జవాబులు. కాలేజీలో ఏ పరీక్షలోనూ చూపించని శ్రద్ధతో రాస్తున్నాను. అన్నం తింటున్నాను. అవ్వ వండుతోంది, నేను కాదనకుండా తింటున్నాను, దాని ఫలితంగా నీకు సంఘీభావం తెలుపుతున్నట్టు నా పొట్ట కూడా ముందుకొచ్చింది. కరివేపాకు కుండీలకు నీళ్ళు పోస్తున్నాను. రెండోది పక్కింటివైపు వాలుతోంది, దాని బుద్ధి నేనేం మార్చగలను. నా తెల్ల చొక్కా సంగతి అడిగావు. నీ ఎర్ర చున్నీతో కలిసి ఉతికాను. ఇప్పుడది తెల్ల చొక్కా కాదు. ఇంతకంటే వివరాలు అడగొద్దు.

మీ వీధివాళ్ళు "మీ ఆయన ఏం చేస్తాడు" అంటే చెప్పలేక చస్తున్నానని రాశావు. ఇలా చెప్పు: ఫోను తెరవగానే వరసగా చిన్న చిన్న బొమ్మలు కనబడతాయే, వాటిని గీస్తాడు. "అవి వాటంతటవే రావా?" అని ఎవరైనా అంటే మర్యాదగా లేచి లోపలికి వెళ్ళిపో. నేను నాన్నకు నచ్చజెప్పడానికి మూడేళ్ళు పట్టింది. వేలిగోరంత చోటులో బొమ్మ గీయాలి, చూసినవాడికి రెప్పపాటులో అర్థం కావాలి, ఫోనుకు వేరే కంప్యూటర్‌కు వేరే గీయాలి, పెద్దదాన్ని కుదిస్తే చిన్నది అయిపోదు అని మొన్న మళ్ళీ మొదలుపెట్టాను. నాన్న గాజుల పెట్టెకు పురికొస కడుతూ, "సైజుకు సైజు వేరే అచ్చు ఉండాల్సిందే గదరా. దీనికి ఇంత చెప్పాలా" అన్నాడు. ఆ రోజునుంచి నన్ను చూసే చూపులో కొంచెం గౌరవం ఉంది. కొంచెమే.

ఇక నీ చివరి ప్రశ్న. "పురుటికి వస్తావా రావా, ఒక్క ముక్కలో రాయి" అన్నావు. పురుడు దాటాకే అల్లుణ్ణి పిలిచే ఇంట్లో, ముందే రమ్మనడానికి అత్తను ఎలా ఒప్పించావో నాకు తెలుసు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదని మామ మిద్దె మీదినుంచి చెప్పాడు. నీ వంతు నువ్వు చేశావు. నా వంతు మా ఆఫీసు పెద్ద ఫణీంద్రగారిని ఒప్పించడం. జవాబు ఒక్క ముక్కే. అది ఈ ఉత్తరంలో చాలా కింద ఉంది. కాగితం తిప్పి ముందే చూడొద్దు. చూస్తావని తెలుసు. చూసినా మళ్ళీ ఇక్కడికే వచ్చి చదవాలి, ఎందుకంటే మధ్యలో నేను చేసిన ఒక నేరం ఉంది, దాన్ని దాటకుండా ఆ జవాబు దగ్గరికి పోవడం కుదరదు.

నువ్వు వెళ్ళిన వారానికి మా ఆఫీసుకు ఒక పని వచ్చింది. తిరువొత్తియూరులో సముద్రం పక్కనే చిన్న ప్రసూతి ఆస్పత్రి నడిపే డాక్టర్ అలమేలుగారని ఒకావిడ. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు చేపల కుప్పంవాళ్ళు, అంటే జాలరిపల్లె ఆడవాళ్ళు, ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళ భార్యలు. ఒకరికి అరవం చదవడం వచ్చు, ఒకరికి తెలుగు, ఒకరికి హిందీ, ఒకరికి ఏదీ రాదు. అందుకని అక్షరం ముక్క లేకుండా బొమ్మలతోనే నడిచే యాప్ కావాలన్నది. మాత్ర వేసుకునే వేళకు ఒక బొమ్మ, స్కానింగ్ రోజుకు ఒకటి, బిడ్డ కదలడం లేదనిపిస్తే నొక్కడానికి ఒకటి, ఆంబులెన్సుకు ఒకటి. అన్నిటికంటే ముందు, యాప్ తెరవడానికి ఒక గర్భిణి బొమ్మ. బజారులో దొరికే రెడీమేడ్ బొమ్మలొద్దు, మావాళ్ళకు మావే గీయండి అన్నది.

యాప్ బయటికి రావాల్సిన వారం, నీకు డాక్టరు చెప్పిన వారం, రెండూ ఒకటే. నేను సెలవు అడిగాను. ఫణీంద్రగారు విజయవాడ మనిషి, చాలా మర్యాదస్తుడు, కాదనే మాట కూడా టిఫిన్ పెట్టి చెబుతారు. రెండు ఇడ్లీలు నా ముందు పెట్టించి, బొమ్మలన్నీ ఆ డాక్టరమ్మ ఓకే చేసిన మర్నాడు నువ్వు ఎక్కడికైనా వెళ్ళొచ్చు, అప్పటిదాకా మాత్రం ఆ ఊసెత్తొద్దు అన్నారు. అంటే నా ప్రయాణం వేలిగోరంత బొమ్మలమీద ఆధారపడింది. నేను ఇడ్లీలు తిని వచ్చి గీయడం మొదలుపెట్టాను.

మొదటిసారి తిరువొత్తియూరు పోయింది లోకల్ రైల్లో, చంకలో బొమ్మల కట్టతో. డాక్టరమ్మ వాటిని తాను చూడకుండా బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళకు ఇవ్వమంది. 'ఏం తినాలి' అనే బొమ్మకు నేను మంచి పండు కోసం వెతికి, రంగు బాగుంటుందని, నారింజరంగులో నిగనిగలాడే బొప్పాయి ముక్క గీశాను. నీకిక్కడే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు. కూతుర్ని తీసుకొచ్చిన పాప్పాత్తి అనే ముసలమ్మ ఆ కాగితం చూసి, కడుపుతో ఉన్న పిల్లకు బొప్పాయి పెట్టమంటావా అని లేచి నిలబడింది. కాగితం మీది పండేగా అన్నాను. కాగితం మీద చూసే తింటారు, అందుకేగా గీసింది అన్నది. బెంచీలన్నీ ఆమె పక్షాన చేరాయి. నేను బొప్పాయిని చించి జేబులో పెట్టుకుని, అరటిపండు గీసి తెస్తానని హామీ ఇచ్చి బయటపడ్డాను.

గర్భిణి బొమ్మ గతి ఇంకా అధ్వానం. నేను గీసింది సన్నగా, నిటారుగా నిలబడిన ఒక అమ్మాయి, పొట్టదగ్గర గుండ్రంగా బంతి. డాక్టరమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, దగ్గరగా పట్టుకుని చూసి, "ఎన్నప్పా, ఈ పిల్ల గుమ్మడికాయ మింగిందా? ఇట్లా నిలబడితే ముందుకు పడిపోతుంది" అన్నది. ఆమె అన్నది అరవంలో. తెలుగులో రాస్తే కొంచెం తక్కువ బాధగా ఉందని తెలుగులో రాస్తున్నాను. తన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక్కరు కూడా అలా నిలబడరట. ఇంటికి పోయి నిజమైన మనిషిని చూసి గీయమంది.

రెండోసారి గీసింది తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాన్ని తీసుకుని తనే బెంచీల దగ్గరికి వెళ్ళింది. ఒకామె చూసి తన నడుము మీదున్న చెయ్యి చూసుకుని నవ్వింది. ఇంకొకామె "ఇది నేనే" అన్నది. ఆ పక్కామె కాదు నేను అన్నది. డాక్టరమ్మ వెనక్కు వచ్చి, ఇదే పెట్టండి అని సంతకం చేసినంత గట్టిగా చెప్పింది.

హేమా, ఇప్పుడు నీళ్ళు తాగి, వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చో. నేరం వస్తోంది.

మన గాజుల వేడుక రోజున మీ పిన్ని నీ ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టింది. మర్నాడు నీకు జ్వరం వచ్చింది. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటుకు దగ్గింది నేనొక్కణ్ణే. అప్పుడు నువ్వొక శాసనం చేశావు: బిడ్డ చేతికొచ్చేదాకా నా బొమ్మ ఎవరి ఫోనులోనూ ఉండకూడదు. నేను నీ ముందే నా ఫోనులోవి కూడా తీసేశాను. ఆ శాసనాన్ని నేను అక్షరాలా పాటిస్తున్నాననే అనుకున్నాను. ఫోటో తీయలేదు, పాత ఫోటో చూడలేదు, ఎవరికీ చూపించలేదు. నిజమైన మనిషిని చూసి గీయమన్నది డాక్టరమ్మ. నా నిజమైన మనిషి సత్యవేడు అవతల ఉంది. అందుకని కళ్ళు మూసుకుని గీశాను.

ఆ బొమ్మ నువ్వే.

ఇది గీస్తుంటే నాకే తెలియని సంగతులు కొన్ని తెలిశాయి. నువ్వు ఎడమకాలు మీద ఎక్కువ బరువు మోపుతావు. చెయ్యి నడుము మీద కాదు, దానికి కొంచెం వెనగ్గా, వేళ్ళు కిందికి పెట్టుకుంటావు. పాదాలు ఎడంగా ఉంటాయి. తల కొంచెం వెనక్కు, ఎవరిమీదో విసుక్కోబోతున్నట్టు. ఎవరిమీదో కాదు, నామీదే. ముఖం పెట్టలేదు, ఆ సైజులో ముఖమంటే ఒట్టి గుండ్రం, అంతే. ఎవరూ గుర్తుపట్టరని ధైర్యంగా ఉన్నాను.

డాక్టరమ్మ సరేనన్న రోజు సాయంత్రం కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని రంగులు సరిచేస్తుంటే అవ్వ కాఫీ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, అద్దాలు సర్దుకుని, వంగి చూసింది.

"ఒరే, ఇది మన హేమ గదరా."

"కాదవ్వా. ఊరికే ఒక బొమ్మ."

"ఏం బొమ్మ. స్టవ్ కాడ పాలు పొంగేదాకా ఇట్లనే గదా నిలబడి ఉండేది ఆ బిడ్డ."

"ముఖమే లేదు గదా."

"మొఖమెందుకురా నాకు. ఆ చెయ్యి యాడ పెట్టుకోనుందో చూడు."

ఇక నేనేం వాదించను. ఎంతమంది చూస్తారు దీన్ని అని అడిగింది. ముందు ఆ ఆస్పత్రివాళ్ళు, బాగుంటే ఇంకొన్ని ఆస్పత్రులు, వేలమంది చూస్తారని గొప్పగా చెప్పాను. ఆమె వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. "నిండు మనిషిని అంతమంది కండ్లల్లో పెట్టబోతావే, చుక్కన్నా పెట్టినావా?"

దిష్టిచుక్క సంగతి నాకు కాలేజీలో చెప్పలేదు. బుగ్గన పెట్టమంది. పెట్టి చూపించాను. గుండ్రటి తల మీద నల్లచుక్క పెట్టేసరికి అది తల కాకుండా చొక్కా గుండీలా తయారైంది. అవ్వే వద్దంది. పెళ్ళికూతురికి అరికాల్లో పెడతాం, అట్ల పెట్టు అన్నది. నిలబడిన మనిషి అరికాలు కనబడదు కదా అంటే, కాసేపు ఆలోచించి మడమ పక్కన సరేనంది. మడమ పక్కన కంటికి ఆనీ ఆననంత చుక్క పెట్టాను. మా పనిలో తెర అంతా చుక్కలే. లక్షలాది చుక్కల్లో ఒకటి మా అవ్వది, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

జననికి తెలిసింది. మా ఆఫీసులో తప్పులు పట్టడమే ఉద్యోగంగా ఉన్న పిల్ల, పురసవాక్కంలోనే పుట్టి పెరిగింది, తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తుంది. ఆమె ముందు ఫోను అద్దాన్ని చున్నీతో తుడిచింది. తర్వాత గోటితో గీకింది. తర్వాత తన కళ్ళజోడు తుడుచుకుంది. అప్పుడు మా తప్పుల పట్టీలో 'బగ్' అని వేసింది: గర్భిణి కాలి దగ్గర మచ్చ, తీసేయాలి. నేను చుక్కను కొంచెం లోపలికి జరిపి, సరిచేశానని రాశాను. మర్నాడు మళ్ళీ బగ్. మళ్ళీ జరిపాను. మళ్ళీ వేసింది. నా దగ్గరికొచ్చి, "అన్నా, ఈ మచ్చ నడుస్తా ఉంది, పార్త్తియా" అన్నది, చూశావా అని. నీడ అని చెప్పాను. "నీడైతే ఇంకో కాలికి ఏది?" అన్నది. తెలివైన పిల్లలతో పనిచేయడం ఎంత కష్టమో నీకు తెలియదు. నీకు నేనున్నాను.

విషయం ఫణీంద్రగారిదాకా వెళ్ళింది. ఆయన ఇడ్లీ కూడా పెట్టకుండా పిలిచారంటేనే తీవ్రత తెలిసింది. ఒక్క మచ్చ కోసం మొత్తం పని ఆగిపోతే డాక్టరమ్మ దగ్గర మాట పోతుంది, నీ సెలవూ పోతుంది అన్నారు. సెలవు మాట వినగానే నేను చుక్క తీసేశాను. నీ బావ ధైర్యం అంతవరకే.

కానీ అప్పటికే నాన్న ఫోనులో ఆ యాప్ పరీక్ష కోసం వేసి ఉంది, నేను ఇక్కడ మార్చింది అక్కడా మారిపోతుంది. అవ్వ రోజూ సాయంత్రం అంగడి మూశాక ఆ ఫోను తీసుకుని నిన్ను చూసి గానీ దీపం పెట్టదు. ఆ రోజు చుక్క లేదు. పూజ అలమరలోంచి కాటుక భరిణె తెచ్చి, వేలితో ఫోను అద్దం మీదే చుక్క పెట్టింది. పొద్దున నాన్న ఆ ఫోనుతో అంగడికి పోయి, ఎవరు ఫోటో పంపినా దాంట్లో నల్లమచ్చ కనబడుతుంటే, ఫోను పాడైందని సందు మలుపులో రిపేరు చేసే సుబ్బన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. సుబ్బన్ దాన్ని తిప్పి తిప్పి చూసి, వేలు నాలుకకు అద్దుకుని తుడిచి తిరిగి ఇచ్చేశాడు. నాన్న రెండు రోజులు ఆ అవమానంలో ఉన్నాడు.

నేను అవ్వ దగ్గరికి పోయి, ఇట్లా చేస్తే ఎట్లా అన్నాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అన్నది:

"నీ నాయన ఫోనులో నేను పెట్టినా. మిగతా ఫోన్లకంతా నన్ను ఎవురు తీసుకపోతారు?"

హేమా, నాకు దిష్టి మీద నమ్మకం ఉందో లేదో నాకే సరిగ్గా తెలియదు. జ్వరం వాతావరణం వల్ల వచ్చిందనే ఆ రోజు అన్నాను. కానీ ఆ ముసలామె వేల ఇళ్ళకు కాటుక భరిణె పట్టుకుని తిరగడం ఊహించుకున్నాక నాకు చేతులాడలేదు. చివరి మీటింగుకు పొద్దున బయల్దేరేముందు, ఎవరికీ చెప్పకుండా చుక్క మళ్ళీ పెట్టాను.

మీటింగు మొన్న శుక్రవారం. డాక్టరమ్మ గది కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. బల్లకు ఇవతల ఫణీంద్రగారు, జనని, నేను. మాత్రల బొమ్మ ఓకే. స్కానింగ్ ఓకే. అరటిపండు ఓకే. చివరికి గర్భిణి. డాక్టరమ్మ వెంటనే, "ఇక్కడేమిటి ఇది?" అని వేలు పెట్టింది. జనని నావైపు చూసిన చూపులో మూడు బగ్గులూ ఉన్నాయి. ఫణీంద్రగారు రెండు నిమిషాల్లో తీసేస్తాం మేడమ్, చిన్న పొరపాటు అంటూ లేచారు.

అప్పుడు నేను, "పొరపాటు కాదు మేడమ్. దిష్టిచుక్క" అన్నాను.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఎవరికి?"

"నా భార్యకు. ఆ బొమ్మ ఆమెది."

"ఎన్నో నెల?"

"తొమ్మిది."

"ఎక్కడుంది?"

"సత్యవేడు దగ్గర, పుట్టింట్లో."

"మరి నువ్వు ఈడ ఏం చేస్తున్నావు?"

నేను ఫణీంద్రగారివైపు చూశాను. ఫణీంద్రగారు సముద్రంవైపు చూశారు. జనని కూడా సముద్రంవైపు చూసింది. అంత శ్రద్ధగా చూడదగ్గ సముద్రం కాదు అది.

ఇక్కడితో గండం గడిచిందనుకున్నాను. కానీ డాక్టరమ్మ ఇంకొక మాట అడిగింది: "ఆ పిల్లను అడిగినావా?"

నేను సరదా మనిషిననీ ఏ మాటకైనా ఎదురుమాట ఉంటుందనీ నువ్వు అంటుంటావు. అప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు, అడగలేదని చెప్పాను.

"ఈ ఆస్పత్రిలో ఎవరి కడుపుమీద చెయ్యి వేయాలన్నా ముందు అడుగుతాం. అడిగి, ఆమె సరే అన్నాకే చెయ్యి వేస్తాం. నువ్వు అడగకుండా ఇన్ని ఫోన్లలో పెడతావా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. తర్వాత తీర్పు చెప్పింది. మిగతా బొమ్మలన్నీ సరే. ఈ ఒక్కటి మాత్రం, హేమా, నువ్వు ఒప్పుకుంటే చుక్కతోనే పెట్టాలి; చుక్క లేకపోతే తన బెంచీలవాళ్ళే ఊరుకోరు. నువ్వు వద్దంటే ఇంకొకటి గీయాలి, దానికోసం యాప్ ఆగినా ఫర్వాలేదు. ఏదైనా నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి, ఫోనులో కాదు. అని ఫణీంద్రగారివైపు తిరిగి, వీడికి సెలవు ఎప్పటినుంచి అని అడిగింది. ఫణీంద్రగారు బుధవారం నుంచి మేడమ్ అన్నారు, ఎప్పుడో అనుకుని ఉన్నట్టు.

రైల్లో తిరిగి వస్తుంటే రాయపురం దాటాక ఫణీంద్రగారు, "మా పాప పుట్టినప్పుడు నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా కిట్టూ. మొదటిసారి ఫోనులోనే చూశా" అన్నారు. జనని సంచిలోంచి వేరుశనగ చిక్కీ తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, నా మూడు బగ్గులూ మూసేసినట్టు ఫోనులో చూపించింది. కారణం దగ్గర 'ఇది తప్పు కాదు' అని రాసింది.

కాబట్టి నీ ప్రశ్నకు ఒక్క ముక్క జవాబు: వస్తున్నాను.

ఇక అసలు సంగతి. అడగకుండా గీయడం తప్పు. నీ మాట తప్పలేదని నాకు నేను చెప్పుకుంటూ చేశాను గనక రెండు తప్పులు. నువ్వు వద్దన్నది ఫోటోను కాదు, నిన్ను నలుగురూ చూడటాన్ని. అది నాకు మొదటినుంచీ తెలుసు. బొమ్మ బాగా వచ్చిందన్న సంతోషంలో తెలియనట్టు నటించాను. నువ్వు వద్దన్నావంటే ఆ బొమ్మ ఎక్కడా ఉండదు, నేనేమీ మొహం మాడ్చుకోను. ఇంకో బొమ్మకు మనిషి కూడా దొరికింది: పొట్టకు దిండు కట్టుకుని నిలబడతానని అవ్వ ముందుకొచ్చింది. నిలబడి చూపించింది కూడా. నాన్న అంగడిలోకి పారిపోయాడు.

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయడం లేదు. రేపు గాజుల సరుకు తీసుకుని సత్యవేడు వస్తున్న వీరరాఘవులుగారి చేతికిచ్చి పంపుతున్నాను. సాయంత్రానికి నీకు చేరుతుంది. నేను బుధవారం పొద్దున్నే దిగుతాను. మధ్యలో ఉన్న మంగళవారమంతా నీకు కోపం కోసం కేటాయించాను. ఉత్తరాన్ని కావలసినంత నలిపెయ్, అత్తకు చదివి వినిపించు, మామను మిద్దె ఎక్కించి నన్ను తిట్టించు. బుధవారానికి కొంచెం మిగిలినా సర్దుకుంటాను.

బుధవారం ఎదురుగా కూర్చునే అడుగుతాను, ఈలోగా ఆలోచించుకోవడానికి ఇందులో ఇంకో కాగితం మడిచి పెట్టాను. ఆ బొమ్మే, అరచెయ్యంత పెద్దదిగా అచ్చు వేయించాను. దాని మీద చుక్క పెట్టలేదు. నీకు సరే అనిపిస్తే నీ కాటుకతో నువ్వే పెట్టు, మడమ దగ్గరైనా, బుగ్గనైనా, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, జనని కాదు కదా ఎవరూ కదల్చలేరు. ఇష్టం లేకపోతే కాగితాన్ని అలాగే వదిలెయ్. చుక్క లేదంటే వద్దన్నావని నాకు అర్థమవుతుంది, కారణం అడగను.

ఇంకొక్క మాట, ఇది మాత్రం ఆజ్ఞ. నేను వచ్చే వేళకు గడప దగ్గర నిలబడొద్దు. తిట్టాలనుంటే కూర్చునే తిట్టు. నేను నిలబడి వింటాను.

ఇట్లు,
చేతులు కట్టుకుని బస్సెక్కబోతున్న
నీ బావ,
కిట్టు